ఇరవై రూపాయల పాలపిట్ట

తొమ్మిదో ఏటి నుంచి పన్నెండో ఏడు వచ్చేదాకా మా ఇంట్లో శకునం నేనే. కోర్టు వాయిదా అనో, పిల్లను చూడటానికనో, పత్తి అమ్మడానికి వరంగల్ మార్కెట్టుకనో ఎవరైనా బయల్దేరుతున్నారంటే నానమ్మ నా చేతిలో నీళ్ళ చెంబు పెట్టి పెరటి దర్వాజలోంచి బయటికి తోసేది. నేను గోడ పక్క సందులోంచి చుట్టు తిరిగి, చింతచెట్టు దాకా ఉరికి, అక్కడ కాస్త ఊపిరి పీల్చుకుని, ఏమీ ఎరగనట్టు చెంబుతో ఎదురు నడిచి రావాలి. ఉరికొచ్చినట్టు కనపడొద్దు, నీళ్ళు ఒలకొద్దు. నాయన స్కూటర్ కిక్కు కొడుతూ నన్ను చూసి, "ఆఁ, మంచి ఎదురొచ్చింది" అని గేరు వేసేవాడు. రెండు నిమిషాల కింద నానమ్మ నన్ను తోసింది ఆయన కళ్ళ ముందే. అయినా ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో నిజమైన సంతోషం ఉండేది. అది నాకు ఇప్పటికీ వింతే.

నేను అటు ఉరుకుతుంటే పెద్దమ్మ ఇటు వంటింట్లోకి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు, స్కూటర్ స్టాండు తీసిన చప్పుడు వింటే చాలు. పెదనాయన పోయేనాటికి ఆమెకు ఇరవై ఆరేళ్ళు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తీస్తూ చాటతో సహా లేచి లోపలికి పోవడం, స్కూటర్ చప్పుడు ఊరి మలుపు దాటాక మళ్ళీ వచ్చి అదే చోట కూర్చుని సగం తీసిన కాయనే అందుకోవడం నాకు కళ్ళకు కట్టినట్టుంది. ఆ వయసులో నాకు తోచిందల్లా ఒకటే, పెద్దమ్మకు ఉరికే పని లేదు, హాయి.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, పోయిన దసరా నాడు మా కాలనీ గేటు దగ్గర ఒకతను పాత చీర ముక్క కప్పిన పంజరంతో నిలబడ్డాడు. లోపల పాలపిట్ట. చూస్తే ఇరవై, ఫోటో తీసుకుంటే యాభై. మేమంతా జమ్మికి పోతూ ఊరి బయట కరెంటు తీగల మీద, జొన్న చేల మీద పాలపిట్టను వెతికిన వాళ్ళమే. ఈ మహానగరంలో తీగలకు కరువు లేదు, పిట్టలకే. నేనూ ఇరవై ఇచ్చాను. అతను బట్ట ఎత్తాడు. పిట్ట ఒక మూలకు ఒదిగి ఉంది. ఎగిరేటప్పుడు విచ్చుకునే ఆ నీలం ఎక్కడా కనపడలేదు, కాళ్ళకు దారం ఉంది, రెక్కల ఈకలు జిగురేదో పూసినట్టు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. "దండం పెట్టుకోండమ్మా, ఏడాదంతా మంచిగుంటది" అన్నాడు. నా వెనక ఆరుగురు లైన్లో ఉన్నారు. దండం పెట్టుకునే వచ్చాను.

పాలపిట్టను పట్టి బంధించడం 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరమన్న సంగతి ఇల్లు చేరాక గుర్తొచ్చింది. సిగ్గుగానే అనిపించింది. కానీ ఆ రాత్రి నన్ను పట్టుకున్న తిక్క ఇంకొకటి. పట్టి తెచ్చి, కట్టేసి, ముసుగు వేసి, డబ్బులు తీసుకుని చూపించిన పిట్ట శకునం ఎట్లా అవుతుంది? నమ్మేవాళ్ళ లెక్క ప్రకారమైనా సరే, ఎట్లా అవుతుంది? అదే వరసలో ఇంకో ప్రశ్న. పెరట్లోంచి తోస్తే చుట్టు తిరిగి వచ్చిన పిల్ల మంచి శకునం ఎట్లా అయింది? ఆ ప్రశ్న పట్టుకుని నిఘంటువులు తిరగేశాను. ఇది ఆ తిరగేత ఫలం. శకునాలు నిజమా అబద్ధమా అన్న పంచాయితీ నేను తీర్చను, అది జరిగే చోట్లు చాలా ఉన్నాయి. నా మాట చిన్నది. మనం కావాలని పెట్టుకున్న ఎదురు శకునం కాదు. ఈ సంగతి మన మాటలకే తెలుసు, మనమే మరిచిపోయాం.

పిట్టే శకునం

సంస్కృతంలో శకునం అంటే పక్షి. ముందు పక్షి, ఆ తర్వాతే మంచీచెడూ. పక్షి కూతను బట్టి, ఎగిరిన దిక్కును బట్టి జరగబోయేది ఊహించేవాళ్ళు కనుక ఆ ఊహకూ పిట్ట పేరే అంటుకుంది. శకుంతం అన్నా పక్షే. అడవిలో పక్షులు కాపలా కాసిన పసిగుడ్డుకు కణ్వుడు పెట్టిన పేరు శకుంతల. అంటే మనం ఎవరినైనా "శకునపక్షి" అని తిట్టినప్పుడు పక్షిపక్షి అని తిడుతున్నామన్నమాట, నడిసెంటర్ అన్నట్టు. అయినా ఆ తిట్టు ఎవరికి పడుతుందో చూడండి, ముందే చెప్పినవాళ్ళకు. మా బాబాయి ఒకాయన ఊళ్ళో అందరూ కడుతున్న చిట్టీ మునుగుతుందని చెప్పి మూడేళ్ళు శకునపక్షి అనిపించుకున్నాడు. అది నిజంగానే మునిగాక పేరు పోవాలి కదా, ఇంకా గట్టిపడింది. "ఆయన నోట్లోంచి వచ్చింది, అందుకే మునిగింది" అన్నారు. ఈ వాక్యం గుర్తుంచుకోండి, దీంతో పని ఉంది.

ఋగ్వేదం రెండో మండలం చివర్లో రెండు చిన్న సూక్తాలున్నాయి, 42, 43. ఆ రెండూ శకున పక్షినే ఉద్దేశించినవి. కపింజలమని చెబుతారు, కౌజు లాంటి పిట్ట. మాకు మంచి మాట పలుకు అని అడగడం సరే, ఎవరైనా అడుగుతారు. నన్ను ఆపేసింది దాని పక్కనున్న కోరిక. డేగ నిన్ను చంపకుండుగాక, గద్ద నిన్ను చంపకుండుగాక, బాణం పట్టిన వేటగాడి కంట నువ్వు పడకుందువు గాక. పిట్ట క్షేమం మొదలు. మన మంచి దాని గొంతులోంచి రావాలంటే ముందు దాని గొంతు ఉండాలి కదా. కాళ్ళకు దారం కట్టిన పాలపిట్టను చూసి వచ్చిన రాత్రి ఈ ముక్క చదివితే ఎట్లా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇది మన ఒక్కరి సంగతే అనుకున్నాను గానీ కాదు. ఇంగ్లీషు శుభలేఖల్లో ‘ఆస్పీషియస్ అకేషన్’ అని అచ్చు వేయిస్తామా, ఆ మాటలోనూ పిట్టే దాక్కుంది. లాటిన్‌లో ‘ఆవిస్’ అంటే పక్షి, ‘స్పెకెరె’ అంటే చూడటం, రెండూ కలిసి పక్షిని చూడటం. రోమన్లు ఇంకో అడుగు వేశారు. యుద్ధానికి పోతూ పంజరాల్లో కోళ్ళను వెంట తీసుకుపోయి, గింజలు వేస్తే ఆత్రంగా తింటే మంచి శకునం, ముట్టకపోతే చెడు అనేవాళ్ళు. దీని మీద సిసిరో క్రీస్తుపూర్వం 44లోనే విసుక్కున్నాడు. పంజరంలో పెట్టి, కడుపు మాడ్చి, తర్వాత గింజలు వేస్తే కోడి తినక ఏం చేస్తుంది, అందులో దైవ సంకేతం ఎక్కడుంది అని. ఆయన బయటి నుంచి వెక్కిరించిన మనిషి కాదు, అధికారికంగా శకునాలు చూసే పదవిలో ఉన్నవాడు. కాలనీ గేటు దగ్గర నాకు వచ్చిన అనుమానం రెండు వేల ఏళ్ళ పాతదన్నమాట. కొంచెం గర్వంగానూ, కొంచెం నీరసంగానూ అనిపించింది.

ఇక్కడో పక్కదారి. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి 2018 నుంచి రామచిలుక. ఒకటి శకునం చెప్పే పిట్ట, ఇంకొకటి జోస్యం చెప్పే పిట్ట. తెలుగు రాష్ట్రాలు రెండూ కూడబలుక్కోకుండా ఇట్లా ఎంచుకున్నాయి, రెండింటినీ పంజరంలో పెట్టడం నేరం, రెండూ పంజరంలోనే మనకు ఎక్కువగా కనపడతాయి. చిలక జోస్యం చూసినవాళ్ళకు తెలుసు. తలుపు తీయగానే చిలక బయటికి వచ్చి, ముక్కుతో ఒక కవరు లాగి, వడ్లగింజ తీసుకుని, ఎగిరిపోదామన్న ఆలోచన కూడా లేకుండా తిన్నగా లోపలికి నడుచుకుంటూ పోతుంది. చిన్నప్పుడు నేను చెంబుతో వచ్చి, నాయన పోగానే నానమ్మ పెట్టే బెల్లం ముక్క నోట్లో వేసుకుని లోపలికి పోయినట్టే.

గుర్తా, కారణమా

ఆఫీసులో సెలవు చీటీ రాసేటప్పుడు "వైద్యం నిమిత్తం" అని రాస్తాం. ఉద్యోగ నిమిత్తం, చదువు నిమిత్తం. నిమిత్తమంటే మనకు కారణం, ప్రయోజనం. ఈ మాటకు సంస్కృతంలో ఇంకో అర్థం శకునం, సంకేతం. గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు "నిమిత్తాని చ పశ్యామి విపరీతాని" అంటాడు, చెడు శకునాలు కనపడుతున్నాయి అని. పదకొండో అధ్యాయానికి వచ్చేసరికి కృష్ణుడు అదే మాటను వేరే అర్థంలో తిప్పి ఇస్తాడు, "నిమిత్తమాత్రం భవ". ఒకే పుస్తకంలో ఒకే మాట ఒకచోట గుర్తు, ఇంకోచోట చేతిలో పనిముట్టు. భాష ఇట్లా జారడం తప్పేమీ కాదు. మన బుర్రలు కూడా అదే జారుడుబండ మీద ఉన్నాయన్నదే నా గొడవ. గుర్తు అనుకున్నది తెలియకుండానే కారణమై కూర్చుంటుంది. చిట్టీ మునుగుతుందని బాబాయి చెప్పాడు, కాబట్టి బాబాయి వల్ల మునిగింది.

శకునాల మీద వరాహమిహిరుడి కంటే గట్టి పెద్దమనిషిని ఎవరూ తేలేరు. బృహత్సంహితలో శకునాల భాగం మొదట్లోనే ఆయన ఒక మాట అంటాడు. వెనకటి జన్మల్లో మనిషి చేసుకున్న మంచి చెడ్డ కర్మ పండబోతుంటే, ప్రయాణమై పోయేవాడికి శకునం దాన్ని ‘నివేదయతి’. నివేదిస్తుంది, అంతే. తీసుకురాదు, ఆపదు, మార్చదు. పోస్టుమాన్ పని. ఉత్తరంలో చావు కబురుందని పోస్టుమాన్ని ఊళ్ళోకి రానివ్వకపోతే పోయినవాళ్ళు లేచి కూర్చుంటారా? మంచి కబురే కావాలని మన ఉత్తరం మనమే రాసుకుని చుట్టు తిప్పి పోస్టు చేసుకుంటే? నాయన చేసింది అదే. పెద్దమ్మను దాచడమంటే ధర్మామీటరు దాచేసి జ్వరం లేదనుకోవడం.

ఇంత తెలివిగా రాస్తున్నాను గానీ, ఇదే తెలివితో నేనొకసారి బోర్లా పడ్డాను. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక కంపెనీ ఇంటర్వ్యూకు పిలిచింది. బయల్దేరే పొద్దున నేను మొండికేశాను, పెద్దమ్మ ఎదురొస్తేనే పోతానని. నానమ్మ తిట్టింది, అమ్మ ఏడ్చినంత పని చేసింది. అందరికంటే ఎక్కువ వద్దన్నది పెద్దమ్మే. చేయి పట్టి గుంజుకొచ్చి చింతచెట్టు కింద నిలబెట్టాను. ఆమె నడిచి వచ్చింది గానీ తల ఎత్తలేదు, చెంబు పట్టుకున్న చేయి వణికి నీళ్ళు కొన్ని కాళ్ళ మీద ఒలికాయి. ఆ ఉద్యోగం రాలేదు. ఇంట్లో ఒక్కరు కూడా ఒక్క మాట అనలేదు, అది మాత్రం వాళ్ళ పెద్దమనసే. పెద్దమ్మే అంది. "నేన్జెప్పలేదా బిడ్డా. నీ మొండితనానికి నన్ను బదనాం చేసినవ్." ఇరవయ్యేళ్ళు దాటింది, దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ఆ కంపెనీకి కావాల్సింది నాకు రాదు, అందుకే ఉద్యోగం రాలేదు. అది నాకు తెలుసు. ఆమె లెక్కలో మాత్రం ఇంకో చెడు జమ అయింది, దాన్ని జమ చేసింది నేను.

ఆలోచిస్తే నేను కూడా ఎదురు పెట్టుకున్నాను కదా, తిరగేసి. ఆమెను నా వాదనకు చెంబుతో నిలబెట్టాను.

రోమన్లకూ ఇట్లాంటి కథ ఉంది. క్రీస్తుపూర్వం 249లో ఒక నౌకాదళ సేనాని కోళ్ళు గింజలు ముట్టలేదని చెబితే, తినకపోతే తాగనీ అని వాటిని సముద్రంలో విసిరేశాడట. ఆ యుద్ధం ఓడిపోయాడు. ఇక అప్పటి నుంచి కోళ్ళ మాటే, ఆయన యుద్ధం ఎట్లా చేశాడన్నది వెనక్కి పోయింది.

"ధైర్యం కోసమే కదా, దానికింత రాద్ధాంతమెందుకు" అంటుంది నా స్నేహితురాలు. పరీక్షకు పోయే పిల్లాడి నోట్లో పెరుగూ చక్కెరా పెడితే ఎవరికి నష్టం? పెరుగూ చక్కెరతో నాకు పేచీ లేదు, నేనూ పెట్టాను. ఆమె వాదన కొట్టిపారేసేదీ కాదు. టెన్షన్‌తో చేతులు చల్లబడ్డ పిల్లాడికి ఏదో ఒకటి మొదలు కావాలి. మా వాడి ఎంసెట్ రోజు ఏం జరిగిందో కూడా చెప్పేస్తాను, లేకపోతే ఈ వ్యాసం సగం అబద్ధమవుతుంది. ఇద్దరం లిఫ్టు కోసం నిలబడ్డాం. తలుపులు తెరుచుకుంటే లోపల పై అంతస్తు ఆంటీ ఉన్నారు. వాళ్ళాయన పోయి నాలుగు నెలలు. అర క్షణం, ఒట్టి అర క్షణం, నా గుండె జల్లుమంది. ఆవిడ చూశారు. చూసి, "నేను మెట్ల మీంచి దిగుతాలే అమ్మా" అని బయటికి వచ్చేశారు. నేను వద్దన్నాను, చేయి పట్టుకుని ఆపాను, అన్నీ చేశాను. కానీ ఆవిడ చూసింది ఆ అర క్షణాన్ని. పుస్తకాలు, ఉపన్యాసాలు ఎన్ని చదివినా ఆ అర క్షణం లోపలే ఉంది నాకు. వాడికి వచ్చే ర్యాంకే వచ్చింది.

అందుకే నా స్నేహితురాలికి నా జవాబు ఇది. నీ ధైర్యం ఎవరి ఖర్చు మీద వస్తుందో చూడు. పెరుగు నీ ఫ్రిజ్‌లోది.

చెప్పే ఆడది, ఎదురొచ్చే ఆడది

ఈ మాటల్ని పక్కపక్కన పేర్చి చూస్తుంటే ఇంకొకటి కనపడింది. మా వైపు "నాకెరుకే" అంటే నాకు తెలుసు. "నీకెరుక లేదా?" అంటే తెలియదా అని. ఎరుక అంటే తెలివిడి, జ్ఞానం, అచ్చ తెలుగు మాట. అదే మాట భవిష్యత్తు చెప్పడానికీ పేరు. చంకలో బుట్ట, చేతిలో కర్రతో "ఎరుక చెబుతానమ్మా ఎరుక" అని వచ్చే ఎరుకలసాని మన పాత వీధుల్లో ఒక ఆడమనిషి. పద్మావతి పెళ్ళి కుదరాలంటే శ్రీనివాసుడంతటివాడు ఆ వేషమే కట్టి ఆకాశరాజు ఇంటికి పోవాల్సి వచ్చింది, ధరణీదేవికి నమ్మకం కుదిరే గొంతు అదే కనుక. ఆ ఎరుకల వాళ్ళనే బ్రిటిష్ వాళ్ళు నేరస్థ జాతుల జాబితాకెక్కించి స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టారు. ఆ చట్టం 1952లో దేశమంతటా పోయినా ముద్ర అంత తొందరగా పోలేదు. పేరులోనే ఎరుక ఉన్నవాళ్ళను ఊరు కాపలా పెట్టి చూసింది.

సోది చెప్పేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి బోనాల మర్నాడు పచ్చి కుండ మీద నిలబడి రంగం చెప్పేదీ ఆడమనిషే. వానలు ఎట్లా ఉంటాయి, జబ్బులు వస్తాయా అని అడుగుతారు, ఆమె చెబుతుంది, టీవీలు లైవ్ ఇస్తాయి, మంత్రులు చేతులు కట్టుకుని వింటారు. ఈ చోట్లన్నిటా ఆడమనిషికి నోరుంది. అడుగుతాం, చెబుతుంది, నచ్చితే వింటాం, నచ్చకపోతే బియ్యం పోసి పంపిస్తాం. ఎదురు దగ్గరికి వచ్చేసరికి ఆమెకు నోరు లేదు. ఆమెనెవరూ ఏమీ అడగరు. ఆమె అక్కడ కాకి లెక్క, పిల్లి లెక్క. క్రియలు చూడండి. శకునం చూస్తాం, ఎరుక అడుగుతాం, సోది చెప్పించుకుంటాం, ముహూర్తం పెట్టించుకుంటాం. ఇవన్నీ మనం చేసే పనులు, తప్పయితే తప్పు మనది. ఇటుపక్క దిష్టి తగులుతుంది, శని పడుతుంది, అపశకునం ఎదురవుతుంది. ఇక్కడ మనం ఏమీ చేయలేదు, అంతా ఎవరో మనకు చేశారు.

ఇక సోది గతి ఏమైందో తెలిసిందే. "సోది ఆపు", "వాడొట్టి సోదిగాడు", "సినిమా సెకండాఫ్ సోది". ఆడవాళ్ళు చెప్పే విద్య గనుక అట్లా చులకనైందని ఆవేశంగా ఒక పేరా రాసి కొట్టేశాను. ఎందుకంటే "నీ రామాయణం ఆపు" అని కూడా అంటాం. పురాణం, హరికథ, అన్నిటికీ అదే గతి. సాగదీసి చెప్పేదేదైనా చివరికి తిట్టే అవుతుందేమో. జోస్యాలకు కూడా టీవీ చర్చల్లో పెద్ద మర్యాదేమీ మిగల్లేదు. అయినా ఒక అనుమానం మాత్రం కొట్టేయలేదు. "సోదికి పోతే రంకు బయటపడ్డట్టు" అనే సామెత ఉంది కదా. సోది చెప్పేమె దగ్గర ఇంటి గుట్టు దాగదన్న భయం అందులో ఉంది. పంచాంగం వల్ల ఇంటి రంకు బయటపడ్డ సామెత నేనైతే వినలేదు.

ముత్తైదువ అనే మాట చూడండి. ఐదు మంగళద్రవ్యాలున్నామె కనుక ఐదువ అని మనకు బడిలోనో పేరంటంలోనో చెబుతారు. అవిధవ అన్న మాటే ప్రాకృతంలో అరిగి ఐదువ అయిందని ఇంకో వాదం. నాకు ఈ రెండోదే నిజమనిపిస్తుంది, అనిపించినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం ఇచ్చేటప్పుడు మనం ఆమెను పిలుస్తున్నది "విధవ కానిదానా" అని. పెద్దమ్మను వంటింట్లోకి పంపేసి తలుపు వేశామనుకున్నాం, ఆమె పేరంటం పిలుపులోనే కూర్చుని ఉంది.

దీపం కొండెక్కింది

నా వాదనకు గట్టి దెబ్బ బయటి నుంచి రాలేదు, మా వంటింట్లోంచే వచ్చింది. బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం. దీపం ఆరిపోతే కొండెక్కింది. పామును పామనకుండా పురుగు ముట్టిందంటాం. వాకిట్లో నిలబడి "పోతున్నా" అంటే నానమ్మ ఊరుకునేది కాదు, "పోయొస్త అను" అని వెనక్కి పిలిచి మరీ అనిపించేది. (వెనక్కి పిలవడం కూడా చెడు శకునమే, ఆ సంగతి ఆమెకు గుర్తు చేసే ధైర్యం ఎవరికీ లేదు.) ఇవన్నీ మాటల్లో పెట్టుకున్న ఎదుర్లే కదా. ఖాళీ డబ్బా ముందు నిలబడి నిండుకుందనడం, పెరట్లోంచి తోసిన పిల్లను చూసి మంచి ఎదురొచ్చిందనడం, రెండూ ఒకటే కదా. అయినా ఈ మాటలంటే నాకు ప్రాణం. మా అబ్బాయి ఫోన్లో "రైస్ అయిపోయింది మమ్మీ" అంటే నిండుకున్నాయి అను అని సరిదిద్దుతాను. శకునాల మీద ఇంత రాసి ఇది వదులుకోలేకపోవడం ద్వంద్వ నీతేనేమో అని వారం రోజులు ఈ పేరా దగ్గరే ఆగిపోయాను.

ఆగి ఆగి తేల్చుకున్నది ఇంతే. దీపాన్ని కొండెక్కించినందుకు దీపం వంటింట్లో తలుపు వేసుకుని కూర్చోదు. డబ్బాకు బదనాం రాదు. ఇది లెక్కగా చూస్తే పెద్ద తర్కం కాదని తెలుసు, కానీ నేను గీయగలిగిన గీత అక్కడే ఉంది.

పైగా ఈ మాటలకు మంచీ చెడూ శాశ్వతంగా అతుక్కుని ఉండవు. అరిష్టం వినడానికే భయమేస్తుంది కదా, ఇంటికి అరిష్టం అంటాం. ఆ మాటకు మొదటి అర్థం దెబ్బ తగలనిది, క్షేమంగా ఉన్నది. పురోహితుడు ఆశీర్వచనంలో "స్వస్తి నస్తార్క్ష్యో అరిష్టనేమిః" అంటూ మన తల మీద అక్షతలు వేసేది ఆ అర్థంలోనే. అమరకోశంలో అరిష్టమంటే పురిటిగది కూడా. బాలింతలకు తాగించే దశమూలారిష్టం సీసా మీదా అదే మాట. పెళ్ళిలో దీవెన, పురిట్లో గది, సీసాలో మందు, గుమ్మంలో శాపం. ఒక్క మాట ఇన్ని చోట్ల తిరగ్గా లేనిది, ఒక మనిషి మాత్రం ఇరవై ఆరో ఏట ఒక అర్థంలో కూర్చుని డెబ్బై ఎనిమిదో ఏట కూడా అందులోంచి లేవకూడదా?

సంక్రాంతికి ఊరికి పోయాను. నానమ్మ లేదు, నాయన లేడు, చింతచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. పెద్దమ్మ ఉంది. తిరుగు ప్రయాణం నాడు కారు డిక్కీ మూసిన చప్పుడు వినగానే, చేతిలో జంతికల డబ్బా అట్లాగే పట్టుకుని వంటింట్లోకి పోయింది. తలుపు దగ్గరికి వేసుకుంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆమెను పొమ్మనేవాళ్ళు ఎవరూ లేరు, తమ్ముడి భార్యకైతే ఈ పట్టింపులే తెలియవు. ఈసారి నేను ఎదురు రమ్మని అడగలేదు. తలుపు తోసుకుని లోపలికి పోయి, ఆమె చేతిలోంచి డబ్బా తీసుకుని, "పోయొస్త పెద్దమ్మా" అని వంటింటి వెనక దర్వాజలోంచి, చిన్నప్పుడు నన్ను తోసిన అదే దర్వాజలోంచి, బయటికి వచ్చాను. వెనక నుంచి ఆమె గొంతు. "అటుకెల్లి దొంగలు పోతరే! ముంగట్నుంచి పో!" నవ్వుతోందో తిడుతోందో తెలియలేదు. సందులోంచి చుట్టు తిరిగి కారు దగ్గరికి వచ్చేసరికి డబ్బాలో జంతికలు సగం విరిగాయి.

ఆలేరు దాటాక టైరు పంక్చరైంది. రాత్రి ఇల్లు చేరి ఫోన్ చేస్తే "మంచిగ చేరినవా బిడ్డా?" అని అడిగింది. చేరానన్నాను. పంక్చరు సంగతి చెప్పలేదు.